ప్యూర్టో రికో వాతావరణం: తుఫాన్లు, ఉక్కపోత, సహారా ధూళి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు సెలవులకు వెళ్ళే ఉష్ణమండల ద్వీపాల్లో ప్యూర్టో రికో ఒకటి. ప్రయాణానికి ముందు ఒకే రకమైన సందేహాలు పదే పదే వస్తుండటంతో వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవచ్చు. ఈ ద్వీపంలో తుఫాను, ఉక్కపోత, ధూళి అనేవి మూడు వేర్వేరు బెడదలు కావు. ఆఫ్రికా వైపు నుంచి అట్లాంటిక్ మీదుగా వీచే తూర్పుగాలి ఏ వారం ఏది మోసుకొస్తే ఆ వారం ద్వీపానికి అది దక్కుతుంది. కింది జవాబులన్నీ ఆ దృష్టితోనే రాసినవి.

## ప్రయాణం తలపెట్టినప్పుడు

ప్యూర్టో రికో వెళ్ళడానికి ఏ నెలలు మంచివి?

వాతావరణం ఒక్కటే చూసుకుంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు అన్నిటికన్నా అనుకూలమైన కాలం. అప్పుడు వానలు తక్కువ, తుఫాన్ల భయం లేదు, సహారా ధూళి కూడా వేసవిలో వచ్చినంతగా రాదు. రాజధాని సాన్ హువాన్‌లో పగటి ఉష్ణోగ్రత 28, 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుస్తుంది. అయితే ఉత్తర తీరంలో శీతాకాలపు అలలు చాలా పెద్దవిగా ఉంటాయి కనుక, పిల్లలతో సముద్రస్నానం ప్రధానంగా వెళ్ళేవారు ఆ నెలల్లో దక్షిణ, నైరుతి తీరాలను ఎంచుకోవడం మేలు.

అక్కడ మనకున్నట్టు ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఉంటాయా?

ఉండవు. ద్వీపం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే దాదాపు మన శ్రీకాకుళం ఉన్న అక్షాంశం మీదే ఉన్నా, చుట్టూ ఉన్న సముద్రం ఉష్ణోగ్రతను ఏడాది పొడవునా ఒక చిన్న పరిధిలో కట్టి ఉంచుతుంది. జనవరికీ ఆగస్టుకూ సగటు తేడా మూడు, నాలుగు డిగ్రీలే. వానల్లో మాత్రం తేడా కనిపిస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు పొడి కాలం, ఏప్రిల్ చివర నుంచి మే వరకు ఒక విడత వానలు, జూన్, జూలైలలో కొంత తెరిపి, మళ్ళీ ఆగస్టు నుంచి నవంబరు వరకు అసలైన వానలు. మధ్యలో వచ్చే ఆ తెరిపిలోనే ధూళి ఎక్కువగా వస్తుంది.

సెప్టెంబరులో విమానం టికెట్లు, హోటళ్ళు చవకగా దొరుకుతున్నాయి. వెళ్ళవచ్చా?

చవకగా దొరకడానికి కారణం ఉంది. అట్లాంటిక్ తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అని లెక్కించినా, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకే ఉధృతి ఎక్కువ, సెప్టెంబరు 10 ప్రాంతం దానికి శిఖరం. ద్వీపాన్ని దెబ్బతీసిన తుఫాన్ల తేదీలు చూస్తే ఇది తెలుస్తుంది: సాన్ ఫెలిపే 1928 సెప్టెంబరు 13న, హ్యూగో 1989 సెప్టెంబరు 18న, జార్జెస్ 1998 సెప్టెంబరు 21న, మరియా 2017 సెప్టెంబరు 20న, ఫియోనా 2022 సెప్టెంబరు 18న వచ్చాయి.

అయినా ఏదో ఒక సెప్టెంబరులో ఒక నిర్దిష్టమైన వారంలో తుఫాను నేరుగా ద్వీపాన్ని తాకే అవకాశం తక్కువే. డబ్బు తిరిగి వచ్చే టికెట్టు, హోటలు దొరికి, రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఉద్యోగానికి ఇబ్బంది లేని వారు వెళ్ళవచ్చు. పసిపిల్లలు, డయాలసిస్ వంటి చికిత్సలో ఉన్న పెద్దవారు వెంట ఉంటే మాత్రం ఆ నెల వద్దనే మా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ తుఫాను గాలి కన్నా దాని తరువాత కరెంటు లేని రోజులే ఎక్కువ ప్రమాదకరం.

ఫోనులో వారం రోజులూ ఉరుముల బొమ్మే కనిపిస్తోంది. ప్రయాణం మానుకోవాలా?

ఆ బొమ్మను చూసి మానుకోవలసిన పని లేదు. వేడెక్కిన నేల మీదికి సముద్రపు తేమగాలి వచ్చి, నడిమి పర్వతశ్రేణిని ఎక్కుతూ మేఘాలు కట్టి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఒక జల్లు కురిసి వెళ్ళిపోవడం అక్కడ వేసవిలో దాదాపు దినచర్య. ఫోను యాప్ దాన్ని కూడా ఉరుములతో వాన అనే చూపిస్తుంది. ఉదయం బీచి, మధ్యాహ్నం నీడపట్టున ఉండే కార్యక్రమం పెట్టుకుంటే సరిపోతుంది. మానుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి యాప్ కన్నా మయామీలోని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ఇచ్చే 7 రోజుల సూచనను, సాన్ హువాన్‌లోని జాతీయ వాతావరణ సేవా కార్యాలయం రాసే రోజువారీ వివరణను చూడటం ఎంతో నయం.

ద్వీపం చిన్నదే కదా, అంతటా ఒకే వాతావరణం ఉండదా?

తూర్పు నుంచి పడమరకు సుమారు 180 కి.మీ., ఉత్తరం నుంచి దక్షిణానికి 65 కి.మీ. మాత్రమే ఉన్నా, మధ్యలో 1,338 మీటర్ల ఎత్తున్న సెర్రో దే పుంతా శిఖరంతో పర్వతశ్రేణి అడ్డంగా ఉంది. ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు ముందుగా ఎల్ యుంకే కొండలను ఢీకొంటాయి, అందుకే అక్కడి అడవిలో ఏటా 3,000 మి.మీ.కు పైగా వాన పడుతుంది. కొండ దిగి నైరుతి మూలకు వెళితే గ్వానికాలో అందులో మూడో వంతు కూడా పడదు, జెముడు చెట్లు మొలిచే పొడి అడవి కనిపిస్తుంది. కారులో రెండు గంటల దూరంలో ఇంత తేడా ఉంటుంది కనుక, సాన్ హువాన్‌లో వాన పడుతున్న రోజున దక్షిణాన పోన్సేలో ఎండ కాయడం మామూలు విషయం.

## ఎండ, ఉక్కపోత

రామగుండం 45 డిగ్రీల ఎండ చూసినవాళ్ళం. 32 డిగ్రీలు మాకు ఒక లెక్కా?

ఈ ధీమాతో మధ్యాహ్నం పూట సాన్ హువాన్ పాత కోట గోడల మీద నడిచి ఇబ్బంది పడే తెలుగువారు తక్కువేమీ కాదు. రామగుండం ఎండ పొడి ఎండ. అక్కడ చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. సాన్ హువాన్ గాలిలో ఆవిరి ఎంత ఎక్కువంటే చెమట ఆరక కారిపోతుంది, ఒంటి వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అమెరికా వాతావరణ సేవ పట్టిక ప్రకారం 32 డిగ్రీల దగ్గర తేమ 40 శాతం ఉంటే శరీరానికి 33 డిగ్రీలుగా తోస్తుంది, అదే తేమ 70 శాతానికి చేరితే 41 డిగ్రీలుగా తోస్తుంది. ఆ పట్టిక కూడా నీడలో, చిన్నగాలి వీస్తున్నప్పటి లెక్క మాత్రమే. నేరుగా ఎండలో నిలబడితే మరో 8 డిగ్రీల వరకు కలుపుకోవలసి వస్తుంది.

కాబట్టి ఇక్కడి ఎండను రామగుండంతో కాకుండా, గాలి ఆగిపోయిన మే నెల మధ్యాహ్నం మచిలీపట్నంతో పోల్చుకోవాలి. 2023 జూన్‌లో ఉత్తర తీరంలో ఈ తోచే ఉష్ణోగ్రత 49 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరింది, ఆ రోజుల్లో థర్మామీటరు మాత్రం 35 డిగ్రీల చుట్టుపక్కలే ఉంది.

రాత్రి కూడా చల్లబడదు ఎందుకు?

వేసవిలో సాన్ హువాన్ కనిష్ఠ ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల కన్నా దిగడం కష్టం. నేల విడిచే వేడిని గాలిలోని ఆవిరి నిలువరిస్తుంది, చుట్టూ ఉన్న సముద్రం 28, 29 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది, నగరంలోని కాంక్రీటు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంది. ధూళి కమ్మిన రాత్రుల్లో ఆ ధూళి కూడా కొంత వేడిని పట్టి ఉంచుతుంది. పగటి ఎండకు అలసిన శరీరం కోలుకోవలసింది రాత్రిపూట కనుక, బస చూసుకునేటప్పుడు సముద్రం కనిపించే కిటికీ కన్నా ఏసీ, దానికి జనరేటరు ఆధారం ఉన్నాయా లేదా అన్నది ముందు అడగాలి.

ఎండలో తిరగడానికి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తరువాత తిరగడం, దాహం వేయకముందే నీళ్ళు తాగడం, నీళ్ళతో పాటు ఉప్పు కలిపిన మజ్జిగ లాంటిదో ఓఆర్ఎస్ ద్రావణమో తీసుకోవడం. ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే. వెంటనే 911కు ఫోను చేసి, నీడకు చేర్చి, ఒంటిని తడి గుడ్డలతో చల్లబరచాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

## ధూళి కమ్మిన రోజులు

చుట్టూ సముద్రమే కదా, ధూళి ఎక్కడి నుంచి వస్తుంది?

సహారా ఎడారి నుంచి. వేసవిలో ఎడారి నేల బాగా కాగినప్పుడు లేచిన ధూళి, వేడి పొడిగాలితో కలిసి పడమరకు కదిలి, ఆఫ్రికా తీరం దాటగానే సముద్రపు చల్లని తేమగాలి మీదికి ఎక్కి, నేలకు ఒకటిన్నర నుంచి ఆరు కిలోమీటర్ల ఎత్తులో ఒక పొరగా ప్రయాణిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని సహారా వాయుపొర అంటారు. అట్లాంటిక్ దాటడానికి దానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఉపగ్రహ కొలతల ఆధారంగా 2015లో నాసా వెలువరించిన అంచనా ప్రకారం ఆఫ్రికా పడమటి అంచు దాటే ధూళి ఏటా సగటున 18 కోట్ల టన్నులు, అందులో 4 కోట్ల టన్నులకు పైగా కరీబియన్ సముద్రం వైపు చేరుతుంది.

ఇది ఈ మధ్య పుట్టిన వింత కాదు. బార్బడోస్ ద్వీపంలో జోసెఫ్ ప్రోస్పెరో అనే శాస్త్రవేత్త 1965 నుంచే ఈ ధూళిని కొలవడం మొదలుపెట్టారు. 1970, 80 దశకాల్లో సహారా దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం కరువుతో అల్లాడినప్పుడు, అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలోని బార్బడోస్‌లో ధూళి పెరిగిందని ఆ కొలతలే చూపాయి.

ధూళి ఏ నెలల్లో వస్తుంది? వస్తే ఎన్ని రోజులుంటుంది?

జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఎక్కువ. ఆ కాలంలో ఆఫ్రికా తీరం నుంచి మూడు నుంచి ఐదు రోజులకొక విడత బయలుదేరుతుంది, అన్నీ ప్యూర్టో రికో దాకా చిక్కగా రావు. వచ్చిన విడత సాధారణంగా రెండు మూడు రోజులుండి వెళుతుంది. మామూలు విడతలో ఆకాశం నీలం పోయి పాలిపోయినట్టు కనిపిస్తుంది, దూరపు కొండలు మసకబారతాయి, సూర్యాస్తమయం ఎర్రగా ఉంటుంది, కారు అద్దం మీద పలుచని గోధుమరంగు పొర పేరుకుంటుంది. 2020 జూన్ మూడో వారంలో వచ్చినది మాత్రం మామూలుది కాదు. సాన్ హువాన్ మధ్యాహ్నం కూడా బూడిదరంగు మసకలో మునిగింది, దాన్ని గత యాభై ఏళ్ళలో అతి చిక్కని ధూళిమేఘంగా శాస్త్రవేత్తలు చెప్పారు.

ధూళి ఉంటే తుఫాను రాదంటారు. నిజమేనా?

సగం నిజం. తుఫాను పెరగడానికి వెచ్చని సముద్రం, గాలిలో లోతైన తేమ, పైగాలికీ కిందిగాలికీ మధ్య వేగంలో, దిశలో ఎక్కువ తేడా లేకపోవడం కావాలి. సహారా వాయుపొరలో తేమ మామూలు ఉష్ణమండల గాలిలో ఉండేదానిలో సగమే. దానిలోని వెచ్చదనం కింది గాలిని పైకి లేవనీయకుండా మూతలా అడ్డుపడుతుంది. దానితో పాటు వచ్చే బలమైన మధ్యస్థాయి గాలి పుట్టబోయే మేఘపు గుంపును చెదరగొడుతుంది. జూన్, జూలైలలో ఆఫ్రికా నుంచి బయలుదేరే అల్పపీడన ద్రోణులు చాలావరకు ఈ పొడిగాలిలో ఎండిపోవడానికి ఇదే కారణం. ఆగస్టు మధ్యలో ధూళి తగ్గడం, తుఫాన్లు ఊపందుకోవడం దాదాపు ఒకేసారి జరుగుతాయి.

మిగతా సగం ఏమిటంటే, ధూళి ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యం. ధూళిపొర ఉత్తరాన ఉండి, దాని దక్షిణపు అంచున తేమ నిలిచి ఉంటే ద్రోణి ఆ సందులోంచి పెరుగుతూ రాగలదు. 2024లో బెరిల్ తుఫాను ధూళి ఉధృతంగా ఉండే కాలంలోనే పుట్టి, జూలై 1న గ్రెనడాకు చెందిన కారియాకూ ద్వీపాన్ని నాలుగో కేటగిరీ (గాలివేగాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు వరకు ఇచ్చే స్థాయి) బలంతో తాకి, ఆ వెంటనే ఐదో కేటగిరీకి చేరి, అట్లాంటిక్ చరిత్రలో ఏడాదిలో అన్నిటికన్నా ముందుగా ఆ స్థాయి అందుకున్న తుఫానుగా నమోదైంది. వైద్యవిద్య కోసం గ్రెనడాలో ఉండే తెలుగు విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. ఆకాశం మసకగా ఉంది కనుక ఈ వారం నిశ్చింత అనుకోవచ్చు గాని, ఈ నెలంతా నిశ్చింత అనుకోరాదు.

మా అబ్బాయికి ఆస్తమా ఉంది. ధూళి రోజుల్లో ఏం చేయాలి?

ఈ ధూళిలో ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళగలిగే అతి సన్నని కణాలు, అంటే పీఎం 2.5 రకానివి కూడా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటల సగటుకు సూచించిన హద్దులు ఘనమీటరు గాలికి పీఎం 2.5 అయితే 15 మైక్రోగ్రాములు, అంతకన్నా కొంచెం పెద్ద కణాలైన పీఎం 10 అయితే 45 మైక్రోగ్రాములు. చిక్కని విడత వచ్చినప్పుడు ఈ హద్దులు తేలికగా దాటిపోతాయి. ఎయిర్‌నౌ వెబ్‌సైటులో గాలి నాణ్యత సూచీ 100 దాటితే బాబును బయట ఆడనివ్వకుండా, కిటికీలు మూసి ఏసీని లోపలి గాలి తిరిగే పద్ధతిలో పెట్టాలి. తప్పనిసరిగా బయటికి వెళ్ళేటప్పుడు ముఖానికి సరిగ్గా అమరే ఎన్-95 మాస్కు వాడాలి. గుడ్డ మాస్కు, చేతిరుమాలు ఈ కణాలను ఆపవు. రోజూ వాడే ఇన్‌హేలరు, ఉబ్బసం రేగినప్పుడు వాడేది, రెండూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మోతాదు మార్పు గురించి బయలుదేరకముందే డాక్టరును అడిగి రాయించుకోవడం మంచిది.

ఆస్తమా లేనివారికి సాధారణంగా కళ్ళ మంట, గొంతు గరగర, తుమ్ములతో సరిపోతుంది.

అన్ని వానలు పడే ద్వీపంలో నీటి కరువు వస్తుందా?

వస్తుంది, వచ్చింది కూడా. ద్వీపానికి తాగునీరు ప్రధానంగా కొండల మధ్య కట్టిన జలాశయాల నుంచే వస్తుంది, అవి పెద్దవి కావు, ఏళ్ళ తరబడి చేరిన పూడికతో ఇంకా కుదించుకుపోయాయి. మే నెల వానలు ముఖం చాటేసి, ఆ వెంటనే ధూళిగాలి వరుసగా విడతలు వచ్చి జల్లులను కూడా అణచివేస్తే, రెండు నెలల్లో నీటిమట్టం ప్రమాదస్థాయికి దిగుతుంది. 2015లో ఎల్ నీన్యో కూడా తోడై సాన్ హువాన్ ప్రాంతంలో కరోలీనా వంటి చోట్ల రోజు విడిచి రోజు, ఒక దశలో రెండు రోజులు ఆపి మూడో రోజు మాత్రమే నీళ్ళు వదిలారు. 2020లో చిక్కని ధూళిమేఘం దాటిన కొద్ది రోజులకే, జూన్ చివర్లో, ప్రభుత్వం కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వేసవిలో ఇల్లు అద్దెకు తీసుకునేవారు మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందో లేదో అడగడం ఆనవాయితీ, మీరూ అడగండి.

ధూళి వల్ల మేలేమైనా ఉందా?

ఉంది. భారీ వానలకు కొండనేలలోని పోషకాలు కొట్టుకుపోతుంటాయి. సహారా ధూళిలో వచ్చే ఫాస్ఫరస్ వంటి ఖనిజాలు ఎల్ యుంకే ప్రాంతపు అడవినేలకు ఆ లోటు కొంత పూడుస్తాయని పరిశోధనలు చూపాయి. ఫొటోలు తీసేవారికి సూర్యాస్తమయాలు అదనం.

అగ్నిపర్వతపు బూడిద, ఈ ధూళి ఒకటేనా?

కాదు. 2021 ఏప్రిల్‌లో సెయింట్ విన్సెంట్ ద్వీపంలో లా సుఫ్రియేర్ పేలినప్పుడు బార్బడోస్ మీద కురిసింది బూడిద. అది గాజుముక్కల్లా గరుకుగా ఉంటుంది, విమానాల ఇంజన్లను పాడుచేస్తుంది. అందుకే బూడిద వస్తే విమానాలు ఆగిపోతాయి, సహారా ధూళికి సాధారణంగా ఆగవు.

## తుఫాను వస్తున్నప్పుడు

హరికేన్, మన బంగాళాఖాతం తుఫాను ఒకటేనా?

పుట్టుక, నిర్మాణం, అపసవ్యదిశలో తిరిగే గాలి అన్నీ ఒకటే. పేర్లు, హద్దులు వేరు. అట్లాంటిక్‌లో గాలి గంటకు 63 కి.మీ. చేరగానే పేరు పెడతారు, 119 కి.మీ. చేరితే హరికేన్ అంటారు. మన వాతావరణ శాఖ లెక్కలో అది అతి తీవ్ర తుఫాను స్థాయి. ఒక చిక్కు ఉంది: అక్కడ గాలివేగాన్ని ఒక నిమిషం సగటుగా చెబుతారు, మన దగ్గర మూడు నిమిషాల సగటుగా చెబుతారు. అందుచేత అదే తుఫానుకు అమెరికా అంకె కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇక బంగాళాఖాతంలో తుఫాన్లు వేసవిలోనూ, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ రెండు విడతలుగా వస్తాయి. నడుమ ఉన్న నైరుతి రుతుపవనాల కాలంలో పైగాలికీ కిందిగాలికీ మధ్య తేడా వాటిని ఎదగనివ్వదు. అట్లాంటిక్‌లో ఆ విరామం లేదు.

కేటగిరీ 1 అంటే పెద్దగా భయపడక్కరలేదా?

కేటగిరీ గాలివేగానికి మాత్రమే కొలమానం, వానకు కాదు. 2022లో ఫియోనా తీరం తాకేటప్పటికి కేటగిరీ 1 మాత్రమే, గాలి గంటకు సుమారు 140 కి.మీ. అయినా అది నెమ్మదిగా కదలడంతో దక్షిణ, మధ్య ప్రాంతాల్లో కొన్నిచోట్ల 600 మి.మీ.కు మించి వాన కురిసింది, వంతెనలు కొట్టుకుపోయాయి, తీరం తాకకముందే ద్వీపమంతా కరెంటు పోయింది.

కేటగిరీ మాట అటుంచి, పేరు కూడా లేని దశలోనే ప్రాణాలు తీసిన సందర్భం ఉంది. 1985 అక్టోబరు 7న ఒక అల్పపీడన ద్రోణి ద్వీపం మీద రాత్రంతా కురిసింది. అదే ద్రోణి తరువాత ఇసబెల్ తుఫానుగా మారింది. పోన్సే శివారులోని మామేయెస్ అనే పేదల కాలనీ మీద కొండచరియ విరిగిపడి కనీసం 129 మంది చనిపోయారు. కాబట్టి కొండ ప్రాంతంలో బస చేసినవారు గాలి ఎంత అని కాక, వాన ఎంత, ఎన్ని గంటలు అని అడగాలి.

1977 దివిసీమ ఉప్పెన లాంటిది అక్కడా వస్తుందా?

ఉప్పెన వస్తుంది గాని అంత ఎత్తున వచ్చే అవకాశం తక్కువ. బంగాళాఖాతపు ఒడ్డున సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువగా ఉంటుంది, తీరం పల్లంగా ఉంటుంది. తుఫాను గాలి తోసుకొచ్చిన నీరు కిందికి పోయే దారి లేక గోడలా లేచి ఊళ్ళ మీద పడుతుంది. 1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలో అదే జరిగింది. ప్యూర్టో రికో చుట్టూ సముద్రం ఒడ్డు నుంచి కొద్ది దూరానికే అగాధమవుతుంది, ఉత్తరాన ఉన్న ప్యూర్టో రికో కందకం 8,000 మీటర్ల కన్నా లోతు. తోసుకొచ్చిన నీరు ఆ లోతులోకి జారుకుంటుంది. మరియా అంత బలంగా వచ్చినా తూర్పు తీరంలో ఉప్పెన రెండు నుంచి మూడు మీటర్ల మేర ఉంది. అయితే లోతైన సముద్రం వల్ల అలలు తగ్గకుండా ఒడ్డుదాకా వస్తాయి, కొండవాగులు నిమిషాల్లో పొంగుతాయి. ఇక్కడ ప్రాణాపాయం ఎక్కువగా కొండ మీది నుంచి దిగే నీటిదే.

వాచ్, వార్నింగ్ అంటున్నారు. తేడా ఏమిటి?

హరికేన్ వాచ్ అంటే ఆ ప్రాంతంలో హరికేన్ స్థాయి గాలులు వచ్చే అవకాశం ఉందని, వార్నింగ్ అంటే రావడం దాదాపు ఖాయమని. గాలి ప్రమాదకరంగా మారే సమయానికి సుమారు 48 గంటల ముందు వాచ్, 36 గంటల ముందు వార్నింగ్ ఇస్తారు. విమానం పట్టుకుని బయటపడాలనుకునేవారు వాచ్ సమయంలోనే కదలాలి, వార్నింగ్ వచ్చేసరికి సీట్లు ఉండవు. విశాఖ, మచిలీపట్నం ఓడరేవుల్లో ఎగరవేసే నంబరు హెచ్చరికల వంటి వరుస అక్కడ లేదు.

మ్యాపులో చూపించే శంకువుకు బయట ఉన్నాం. క్షేమమేనా?

ఆ శంకువు తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చూపుతుంది, తుఫాను వెడల్పును కాదు. గత అంచనాల్లోని పొరపాట్ల ఆధారంగా గీసే ఆ బొమ్మలో, కేంద్రం మూడింట రెండు సార్లు మాత్రమే శంకువు లోపల ఉంటుంది, మూడోసారి బయటికే పోతుంది. కేంద్రం 150 కి.మీ. దూరంలో దాటినా కుంభవృష్టి మీమీద పడవచ్చు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా కేంద్రం ద్వీపాన్ని తాకకుండా ఉత్తరంగా దాటిపోయింది, అయినా పది లక్షల మందికి పైగా చీకట్లో ఉన్నారు.

మరియా అంత నష్టం ఎందుకు చేసింది?

గంటకు 250 కి.మీ. గాలితో ఆగ్నేయాన యాబుకోవా దగ్గర తీరం తాకి, ద్వీపాన్ని కొన నుంచి కొనకు కోసుకుంటూ వాయవ్యంగా బయటికి వెళ్ళడం ఒక కారణం. రెండు వారాల క్రితమే ఇర్మా బలహీనపరచిన విద్యుత్ వ్యవస్థ మరో కారణం. కాయే కొండ మీది వాతావరణ రాడార్ కూడా ధ్వంసమైంది. 70,000కు పైగా కొండచరియలు విరిగాయి, ఊతువాదో వంటి కొండ ఊళ్ళకు దారులు తెగిపోయాయి. కరెంటు పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది.

మొదట ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 64. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనం తరువాత, 2018 ఆగస్టులో అధికారిక సంఖ్యను 2,975కు సవరించారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారిలో ఎక్కువమంది గాలికి, వరదకు నేరుగా చనిపోయినవారు కారు. ఆక్సిజన్ యంత్రం ఆగిపోయి, ఇన్సులిన్ చల్లగా ఉంచే వీలు లేక, ఆసుపత్రికి దారి లేక, ఉక్కపోతకు తట్టుకోలేక వారాల తరబడి రాలిపోయినవారు. తుఫాను ప్రమాదాన్ని గాలివేగంతో మాత్రమే కొలవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కరలేదు.

హోటల్లో ఉండగా వార్నింగ్ వస్తే ఏం చేయాలి?

హోటలు సిబ్బంది చెప్పిన చోటికి, చెప్పిన వేళకు వెళ్ళాలి. అంతకుముందే ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపుకుని, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు నీళ్ళు, వండనక్కరలేని తిండి, వారం మందులు, చిల్లరతో సహా నగదు సిద్ధం చేసుకోవాలి. కరెంటు లేనప్పుడు కార్డులు పనిచేయవు. బాత్‌టబ్బు నింపి పెట్టుకుంటే మరుగుదొడ్డికి పనికొస్తుంది. గాలి పెరిగాక కిటికీలు లేని లోపలి గదిలో ఉండాలి. అద్దాలకు టేపు అంటించడం వల్ల ఉపయోగం లేదు.

గాలి ఒక్కసారిగా ఆగి ఎండ వచ్చింది. బయటికి రావచ్చా?

రాకూడదు. అది తుఫాను నడిమధ్య గాలి లేకుండా ఉండే కన్ను కావచ్చు. కొద్ది నిమిషాల నుంచి గంట లోపు కన్ను చుట్టూ ఉండే గాలుల గోడ రెండో వైపు నుంచి వచ్చి, గాలి ఎదురు దిశ నుంచి అంతే బలంగా కొడుతుంది. తుఫాను దాటిందని అధికారికంగా ప్రకటించాకే బయటికి రావాలి.

## తుఫాను దాటాక

అద్దె ఇంట్లో జనరేటరు ఉంది. లోపల పెట్టి నడపవచ్చా?

ఇంటి లోపల, వరండాలో, కిటికీ దగ్గర, గరాజులో ఎక్కడా నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ ఇంటి వైపు రాకుండా పెట్టాలి.

వరద నీటిలో నడిస్తే ఏమవుతుంది?

ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. మరియా తరువాతా, ఫియోనా తరువాతా ద్వీపంలో ఈ జబ్బు కేసులు పెరిగాయి. కాలికి చిన్న గాయం ఉన్నా ఆ నీటిలో దిగకూడదు. దిగక తప్పకపోతే తరువాత రెండు మూడు వారాల వరకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం గమనించుకుని, అవి కనిపిస్తే డాక్టరుకు వరదనీటి సంగతి తప్పక చెప్పాలి. తిరిగి అమెరికాలోని మీ ఊరు చేరాక జ్వరం వస్తే అక్కడి డాక్టరుకు ఈ జబ్బు తట్టకపోవచ్చు.

తుఫాను వెళ్ళి వారమైంది, ఎండ కాస్తోంది. ఎల్ యుంకే జలపాతాలకు వెళ్ళవచ్చా?

ముందుగా అడవి తెరిచారో లేదో అమెరికా అటవీ సేవ ప్రకటన చూడండి. మరియా తరువాత అక్కడి కొన్ని దారులు ఏళ్ళ తరబడి మూసే ఉన్నాయి. తెరిచినా, నానిన కొండ వాన ఆగిన రోజుల తరువాత కూడా జారవచ్చు. వాగులో స్నానం చేస్తుండగా నీటి రంగు గోధుమకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, నీటి చప్పుడు పెరిగినా పైన ఎక్కడో వాన పడిందని అర్థం. మీ నెత్తిన ఎండ ఉన్నా సరే, వస్తువులు వదిలేసి వెంటనే గట్టెక్కాలి.